అపశబ్దమునందలి యర్థము: బొబ్బిలిపాట

బొబ్బిలికోట యుద్ధమును గూర్చి జంగములు పాడు కథ వైయాకరణుని కంటికి దోషభూయిష్ఠము. దానియందు యతి తప్పును, సంధి చెడును, పరదేశిపదములు గుర్తింపరాని రూపములు దాల్చును. దండుల సంఖ్యలు నమ్మఁదగినవి కావు. ఇందుచే దానిని చరిత్రకుఁ బనికిరానిదని త్రోసివేయువారు కొందఱు. చక్కదిద్ది యచ్చొత్తింపవలె ననువారు మఱికొందఱు. మొదటివారికంటె రెండవవారివలననే కీడు మెండు.

ప్రామాణికమని యెల్లరు చేతఁబట్టునది ఓర్ముదొర గ్రంథము. 1778లో వెలువడిన దాని రెండవ సంపుటమున 1757 జనవరి 24 నాఁటి యీ యుద్ధ మున్నది. ఓర్ము నాఁడు మద్రాసు కౌన్సిలులో నుండినవాఁడు. ముట్టడిని కన్నులఁ జూడలేదు, విన్నమాట వ్రాసెను. అయినను పాట పరువుప్రతిష్ఠలనే యెత్తి చెప్పుచుండఁగా, బొబ్బిలివారు వాఁగుల నీరు మరల్చుకొనుటయు విజయరామరాజు పగకుఁ గారణమని యతఁడు గుర్తించెను. కాలువనీటికై తగవులాడిన రైతున కీ మాట విప్పి చెప్పనక్కఱలేదు.

విజయరామరాజు వధ విషయమున నీ రెంటికిని పొత్తు కుదురదు. రంగారావు కూలుట చూచిన నలువురు భటులు కోటలో దాఁగి, రాత్రి గోడ దిగి, పొదలలోఁ బొంచియుండిరనియు, వారిలో నిద్దఱు డేరా చొచ్చి నిదురించుచున్న రాజును బొడిచిరనియు ఓర్ము చెప్పెను. వారి పేళ్లు చెప్పలేదు. పాటలో నది, వార్త యాలస్యముగా నందఁగా రాజామునుండి వచ్చిన తాండ్ర పాపయ్య చేఁత. జరిగిన తీరునకు ఓర్మే మేలు. పేరును, వేళకు రాలేకపోయిన బంటు దుఃఖమును నిలిపినది మాత్రము పాట. పగవారి భాషయు తమ భాషయు నొకటియే యగుటచేఁ గావలివారు వారిని శంకింపలేదని యోర్ము వ్రాసిన మాట యొకటి కలదు. ఆ యుద్ధపు విషాదమంతయు అందే యిమిడియున్నది. వ్రాసిన పరదేశి దానిని గమనించినట్లు తోఁపదు.

మహాభాష్యమున నొక సారథి తన్ను ‘ప్రాజిత’ యని చెప్పుకొనఁగా, వైయాకరణుఁ డది యపశబ్దమనెను. సూత్రమునుబట్టి ‘ప్రవేత’ కావలెను. నీవు సూత్రప్రాప్తి నెఱుఁగుదువు గాని యిష్టి నెఱుఁగవని సారథి బదులిచ్చెను. వైయాకరణుఁడు కినిసి తిట్టఁబోయి, ఆ తిట్టులోనే ‘సూత’ శబ్దవ్యుత్పత్తిని తప్పెను. దానిని దిద్దినవాఁడును సారథియే. పతంజలి యీ భంగపాటును దాఁచలేదు.

ఇఁక పాఠమును దిద్దు మాట. ‘మొస్యూ’ యను ఫ్రెంచి గౌరవవాచకము దక్కనుజనుల నోట ‘మూసా’ యైనది. హైదరాబాదు మూసారాంబాగు పేరున రేమాఁదొర యిట్లే నిలిచియున్నాఁడు. పాటలో బుస్సీ మొదలగువారి పేళ్లను సరిచేసినచో, నాఁటి తెలుఁగుచెవి విన్న ధ్వనికి సాక్ష్యము నశించును. కావున పాఠమును గాయకుఁడు పలికినట్లే ముద్రించి, సందేహమును అడుగున వ్రాయుట పరిష్కర్త పని. దండుల సంఖ్యలను నమ్మనక్కఱలేదు; వానినిఁ దిద్దను గూడదు.