దీపం చుట్టూ ముగ్గు

మా వదిన మామోగ్రామ్ రిపోర్టు చదివినప్పట్నుంచి ఈ వారమంతా మనసు బాగాలేదు. రొమ్ము కణజాలం దట్టంగా ఉందట, తేల్చి చెప్పలేమట, ఆరు నెలలాగి మళ్ళీ రమ్మన్నారు. "ఆరు నెల్లు నాకు నిద్రెట్ల పడతాది నాయనా?" అంది.

ఫిల్ములో దట్టమైన కణజాలం తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. మామూలు ఎక్స్‌రే చూసేది నీడను. ఈ రెంటి నీడలకూ తేడా చాలా స్వల్పం.

పక్కకు పోయిందాన్ని పారేయొద్దన్నది నా పాత పాట. ఒంట్లో దూరిన కిరణాల్లో కొన్ని దారి మళ్ళి చెదురుతాయి. బొమ్మ మసకబారుతుందని వాటిని గ్రిడ్ పెట్టి ఆపేస్తారు. నిజానికి కొవ్వు ఒక కోణంలో, నీరెక్కువున్న కణజాలం ఇంకాస్త పెద్ద కోణంలో వాటిని గట్టిగా చెదరగొడతాయి. ఆ కోణాలు చదివి బొమ్మ కట్టడమే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఇమేజింగ్.

ఇది నాకు అర్థమైంది పొదటూరుపేటలో, మా మేనత్త మగ్గమింట్లో. 1960లో తిరుత్తణితో పాటు చిత్తూరు జిల్లా నుంచి ఇటు మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఊరది. చీకటి పడ్డాక అత్త పల్చటి తెల్లబట్టను కళ్ళకు దగ్గరగా పట్టి, దూరంగా ఉన్న వీధిదీపాన్ని దాంట్లోంచి చూసేది. "ముగ్గు పడిందేమో చూడరా అబ్బోడా" అని నా చేతికిచ్చేది. దీపం చుట్టూ నిలువునా అడ్డంగా వెలుగు చుక్కలు! బట్ట తిప్పితే ముగ్గూ తిరిగేది. పోగు ఎంత సన్నమైతే చుక్కలంత ఎడం. పడుగూ పేకా వదులైన చోట చుక్కలు అలుక్కుపోయేవి. అత్త ఆ చోటును వేలితో నొక్కి పట్టుకుని దీపం కిందికి పోయేది.

మన ఒంట్లోనూ నేత ఉంది. దాని పోగు కొల్లాజెన్. అది మూడు పేటల పురి అని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి చెప్పారు. కంగారూ తోక స్నాయువు మీద పడిన ఎక్స్‌కిరణాల ముగ్గే వాళ్ళకు ఆధారం. ఆ పోగుల మీద సుమారు 67 నానోమీటర్లకొకటిగా చారలుంటాయి. కేన్సర్ చొచ్చుకొచ్చిన చోట ఆ వరస చెడుతుంది.

చెదిరిన కిరణాల కోణాలు చదివే మిషను మా తిరువళ్ళూరు ఆసుపత్రికి కావాలని రాద్దామనే కలం పట్టాను. రాస్తుంటే అత్త ఊపిరి బిగబట్టడం గుర్తొచ్చింది. బట్ట కదిలితే ముగ్గు ఉండదు. చెదిరొచ్చే కిరణాలు బలహీనం, పోగెయ్యడానికి సమయం పడుతుంది, సమయం పెరిగితే ఒంటికి డోసూ పెరుగుతుంది. మనిషి ఊపిరి తీయకుండా ఎంతసేపుంటుంది? ఈ విద్య ముందు రావాల్సింది ఆపరేషన్ గదికి. కోసి తీసిన గడ్డ ఊపిరి తీయదు, దానికి డోసు భయం లేదు. అంచున కేన్సర్ మిగిలిందా అని అక్కడికక్కడే చూస్తే, రెండోసారి కోత తప్పే ఆడవాళ్ళుంటారు.

వదినను సోమవారం తిరువళ్ళూరులో అల్ట్రాసౌండ్‌కు తీసుకుపోతున్నాను. దట్టమైన రొమ్మును దాంతో కూడా చూడొచ్చని ఆ రిపోర్టులోనే ఒక మూల రాసుంటే, ఈ వారం రోజులైనా ఆమె నిద్రపోయేది.