గరగరల వెనుక గొంతు

రంగస్థల నటగాయకుడు కపిలవాయి రామనాథశాస్త్రి పాడిన నాటక పద్యాలు మన దాకా వచ్చింది గ్రామఫోను ప్లేట్ల మీదుగానే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. లక్కలో మెత్తని రాతిపొడి కలిపి దాన్ని అచ్చు వేసేవారు. ఆ పొడి ప్లేటుకు గట్టిదనం ఇచ్చింది, ఉక్కు ముల్లును గాడికి తగ్గట్టు అరగదీసింది. దాంతోపాటే, ఈనాటికీ పద్యం వెనకాల ఆగకుండా వినిపించే గరగరనూ ఇచ్చింది.

కొన్నాళ్ల క్రితం చాలా స్పష్టమైనదని పేరున్న హెడ్‌ఫోన్ ఒకటి కొన్నాను. కొత్త రికార్డింగులు అందులో అద్దంలా పలికాయి. పాత పద్యం పెట్టగానే గాయకుడు వెనక్కి పోయాడు, గరగర ముందుకొచ్చి కూర్చుంది. పాత పాటలు వినేవాళ్లకు కావలసింది వేరే రకం పనితనమని అప్పుడే తెలిసింది. చెడ్డ రికార్డింగును మన్నించే హెడ్‌ఫోన్ అంటే నాసిరకానిది కాదు. ఎక్కడ తగ్గాలో తెలిసినది.

ఎక్కడ తగ్గాలంటే, ముందు గొంతు ఎక్కడుందో చూడాలి. పాడేవారి శ్రుతి, రాగం, హార్మోనియం తోడు అన్నీ కింది, మధ్య స్థాయుల్లోనే ఉంటాయి. అచ్చులకు రూపమిచ్చే ధ్వనులు దాదాపు 4,000 హెర్ట్జ్‌లోపే తేలిపోతాయి. 'స'లోని ఈల మాత్రం ఆ పైన, 5,000 నుంచి 8,000 దాకా పాకుతుంది. 78 ప్లేట్లలో ఆ ఎత్తున పాట చాలా పలచన. రొద మాత్రం తగ్గదు. కప్పేందుకు పాట లేదు కాబట్టి అక్కడ అది ఒంటరిగా, సూటిగా చెవికి తగులుతుంది. మంచి హెడ్‌ఫోన్ 4,000 దాకా గొంతును ముట్టుకోకుండా వదిలి, ఆ పైన కాస్త పట్టు సడలించాలి. అంతకన్నా కిందనే తగ్గిస్తే 'ట'కారాలు మొద్దుబారతాయి. బేస్ పెంచి గరగరను కప్పేద్దామనుకుంటే ముందు మునిగేది గొంతే.

ఈ లెక్క కుదిరిన వస్తువుల్లో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది సెన్‌హైజర్ హెచ్‌డి 650 మీద. 1997లో వచ్చిన హెచ్‌డి 600ను ఆధారం చేసుకుని 2003లో తెచ్చారు. బరువు 260 గ్రాములు. విప్పడానికి పనిముట్టు అక్కర్లేదు. చెవి మెత్తను అంచు పట్టుకుని లాగితే టక్కున ఊడుతుంది. దాని కింద పల్చటి నురుగు పొర, ఆ కింద ధ్వనిని పుట్టించే డ్రైవరు. బయటి వైపు లోహపు జాలీ. వెనక గోడ లేదు కాబట్టి వెనక్కి వెళ్లిన ధ్వని డొల్లలో కొట్టుకుని తిరిగి రాదు, కొత్త మోతలు పుట్టించదు. తీగ కొసన రెండు పుల్లలుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. తలకిందులుగా దూర్చుదామన్నా దూరవు. ఇంత చిన్నచోట కూడా పొరపాటుకు తావివ్వలేదు.

అసలు నేర్పు డ్రైవరులో ఉంది. పల్చటి పొర, దానికి అంటిన అల్యూమినియం తీగచుట్ట, వెనక నియోడిమియం అయస్కాంతం. ఏ పల్చటి పొరకైనా తనదైన ఒక మోత ఉంటుంది. ఆ స్వరం తగిలినప్పుడు అవసరానికి మించి మోగుతుంది, ఆగాల్సిన చోట ఆగదు. గరగరలోని ఒక్కో చిటుకూ ఆ పొరను చిటికేసినట్టు కదిలిస్తుంది. దీన్ని అదుపు చేయడానికి కంపెనీ సన్నని సిల్కులాంటి బట్టను వాడింది. కదిలే గాలి ఆ నేతలోంచి దూరుతూ పోగులకు రాసుకుంటుంది, మిగులు ఊపు కొద్దిపాటి వేడిగా మారి చల్లారుతుంది. నేత మరీ బిగువైతే పాట ఊపిరాడక చస్తుంది, మరీ వదులైతే మోత మిగులుతుంది. ఈ రెంటి మధ్య నేత బిగువు కుదిర్చినవారి చెవికి దండం పెట్టాలి. చిటుకు ఇందులోనూ వినిపిస్తుంది. కానీ వచ్చి వెళ్లిపోతుంది, తోక మిగలదు.

అదే కంపెనీ 2009లో తెచ్చిన హెచ్‌డి 800 దీనికి పూర్తిగా ఎదురు. శుభ్రమైన రికార్డింగులో వేదిక మీది ఎడం కూడా అందులో తెలుస్తుంది. దాని ధ్వని 6,000 హెర్ట్జ్ దగ్గర కాస్త ఎగసి ఉంటుంది, గరగర సరిగ్గా ఉండేదీ అక్కడే. తర్వాత వచ్చిన 800 ఎస్‌లో ఆ ఎగసిన ధ్వనిని మింగడానికే చిన్న ధ్వనిశోషక ఏర్పాటు చేర్చారు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆ కాలపు పాటలన్నీ మోనో. రెండు చెవుల్లో ఒకే ధ్వని పడితేనే గొంతు తల నడిమధ్య నిలబడుతుంది. కుడి, ఎడమ డ్రైవర్లలో ఏ కాస్త తేడా ఉన్నా గాయకుడు ఒక పక్కకు ఒరుగుతాడు. అందుకే డ్రైవర్లను కొలిచి, ఒక డెసిబెల్ తేడాలోపు జతలు కట్టడం ఇక్కడ పెద్ద సుగుణం. మీ ప్లేయరులో మోనో బటన్ ఉంటే తప్పక నొక్కండి. ప్లేటును స్టీరియో ముల్లుతో డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు రెండు వైపులా గరగర వేరువేరుగా పడుతుంది, గొంతు మాత్రం ఒకటే. కలిపితే గొంతు రెట్టింపవుతుంది, గరగర అంత పెరగదు. సుమారు 3 డెసిబెల్స్ లాభం, పైసా ఖర్చు లేకుండా.

అట్టడుగు బేస్ హెచ్‌డి 650లో తక్కువని కొందరి ఫిర్యాదు. పాత పాటలకు అదీ మేలే. తిరిగే బల్ల గురగుర ఆ అడుగునే ఉంటుంది. ఇంపెడెన్స్ 300 ఓమ్స్ కాబట్టి ఫోన్‌తో గొంతు బక్కచిక్కొచ్చు, చిన్న యాంప్లిఫయర్ ఉంటే మంచిది. బస్సులో వాడుకోవడానికి పనికిరాదు, లోపలి పాట బయటికి, బయటి రొద లోపలికి. రికార్డు చేసేనాడే పగిలిపోయిన గొంతును మాత్రం ఏ హెడ్‌ఫోనూ అతకలేదు.

కొనబోయే ముందు దుకాణంవాళ్లు వినిపించే మెరుగు పెట్టిన పాటతో నిర్ణయించుకోకండి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా అరిగిపోయిన పద్యం ఒకటి వెంట తీసుకెళ్లి, పది నిమిషాలు దాన్నే వినండి. పదో నిమిషానికి గరగర మరిచి అర్థం వెంట పోతుంటే ఆ హెడ్‌ఫోన్ తెచ్చుకోండి.