కుర్చీ వెనక నడుం

సెలూన్ కుర్చీ కింది పెడల్ మన సుఖం కోసం పెట్టింది కాదు. అది కత్తెర పట్టినవాడి నడుం కోసం. మెడ వెనక మిషన్ పెట్టేటప్పుడు కుర్చీ పైకి లేవాలి, నడినెత్తి మీద కత్తిరించేటప్పుడు కిందికి దిగాలి. అప్పుడే అతని మోచేతులు భుజాల కంటే కిందుంటాయి, వెన్ను వంగదు. నేను చూసిన చాలా షాపుల్లో మాత్రం మనం కూర్చోగానే కుర్చీని ఒక్కసారి సర్దుతారు. ఆ తర్వాత సర్దుకునేదంతా అతని నడుమే.

మా చిన్నప్పుడు ఇంటికొచ్చి అరుగు మీద క్రాపు చేసే పెద్దాయన్ని బాబాయ్ అనేవాళ్లం. గొంతుక్కూర్చుని పని మొదలుపెడితే, లేచేటప్పుడు మోకాళ్లు పట్టుకుని లేచేవాడు. తర్వాత ఊళ్లో షాపులొచ్చాయి, చెక్క కుర్చీలొచ్చాయి. పిల్లలొస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి కూర్చోబెట్టేవారు. ఆ షాపు మొత్తానికి మంగలి నడుం కాచిన పరికరం ఆ పలకే. అదీ పిల్లలకే పరిమితం, పెద్దవాళ్లొస్తే మళ్లీ వంగడమే.

ఇప్పుడు ఏసీ, నిలువెత్తు అద్దాలు, కస్టమర్లకు సోఫా అన్నీ ఉన్నాయి. పొద్దుణ్నుంచి రాత్రిదాకా నిలబడే మనిషి కాళ్ల కింద మాత్రం గట్టి టైల్సే. కదలకుండా గంటల తరబడి నిలబడితే పిక్కల్లో సిరలు ఉబ్బుతాయి. మణికట్టు వంచి కత్తెర ఆడిస్తూ పోతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బ్యూటీ పార్లర్లలో పొడవాటి జుట్టుకు డ్రైయర్ పట్టే అమ్మాయిల భుజాల సంగతి చెప్పక్కర్లేదు. మందపాటి రబ్బరు మ్యాట్, చక్రాల స్టూలు, బొటనవేలి వైపు పిడి పొట్టిగా ఉండే కత్తెర... ఇవేవీ దొరకని వస్తువులు కావు. సోఫా కొన్న యజమానికి వీటిని కొనడం భారమూ కాదు.

ప్రభుత్వాలు ఈ వృత్తిని పట్టించుకోలేదనను. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో క్షురకులకూ పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం, దాంతోపాటు శిక్షణ ఉన్నాయి. ఆ శిక్షణలో ఎలా నిలబడాలో, కుర్చీని ఎప్పుడు ఎత్తాలో కూడా నేర్పాలి. నలభై ఏళ్లకే నడుం పోతే చేతిలో ఎంత పనితనం ఉండి ఏం లాభం?

మన వంతూ ఉంది. ఫోన్లోకి తల వాల్చేస్తే మన మెడ కోసం అతను ఇంకాస్త వంగాలి. ఈసారి ఫోను జేబులో పెట్టి, తల తిన్నగా నిలిపి, ‘అన్నా, కుర్చీ నీకు వీలైన ఎత్తుకు సర్దుకో’ అని మీరే చెప్పండి.