పురాతన అస్థికలు: పరిశోధన, గౌరవము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో మృతులను గౌరవించుట ఎవరును క్రొత్తగా నేర్పవలసిన విషయము కాదు. మంత్రాలయమున 1671లో జీవసమాధి పొందిన శ్రీ రాఘవేంద్రస్వామి బృందావనమునకు యాత్రికులు నిత్యము ప్రదక్షిణము చేయుదురు. సామాన్యుల అస్థికలను సైతము తుంగభద్రలో భక్తితో కలుపుదురు. కాని వేల యేండ్ల నాటి మనిషి ఎముక భూమినుండి బయటపడినచో అది కేవలము వస్తువుగా మారిపోవును. ఈ భేదము విమర్శింపదగినది.

1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఆ బళ్ళారి జిల్లాలోని తెక్కలకోటలో నవశిలాయుగపు జనావాసమును త్రవ్వి, 1965లో నాగరాజరావు, మల్హోత్రా గ్రంథము ప్రకటించిరి. పసిబిడ్డలను కుండలలోను, పెద్దలను గోతులలోను, తరచు ఇండ్ల నడుమనే పాతిపెట్టుట దక్షిణదేశపు నవశిలాయుగ జనుల ఆచారము. బిడ్డను దూరముగా ఉంచలేక ఇంటి చెంతనే దాచుకొన్న తల్లిదండ్రుల దుఃఖమును ఊహించుట కష్టము కాదు.

శాస్త్రజ్ఞుడు ఆ ఎముకలను పరీక్షించుట తప్పు కాదు. దంతములనుబట్టి వయస్సు, ఎముకలలోని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులనుబట్టి ఆహారము, దంతపు పింగాణిలోని స్ట్రాన్షియమునుబట్టి బాల్యము గడచిన చోటు తెలియును. లోపము పరీక్ష ముగిసిన పిమ్మట వచ్చుచున్నది. కొలతలను సవివరముగా వ్రాయు నివేదికలు, ఆ మనిషి అవశేషములు తుదకు ఎక్కడ ఉండవలెనో సాధారణముగా చర్చింపవు.

పునఃస్థాపన మనకు తెలియని పద్ధతి కాదు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమున కనుగొన్న ధాతువు 1920లో కలకత్తా ధర్మరాజిక విహారమున మరల ప్రతిష్ఠింపబడినది. దానిని కోరుటకు ఒక భక్తసమాజము ఉండెను. తెక్కలకోట బిడ్డను కోరువారెవరు?

మరల పాతిపెట్టినచో రేపటి పరీక్షలకు అవకాశము పోవునను ఆక్షేపణ బలమైనదే. దీనికి అమెరికాలోని కెన్నెవిక్ మానవుని ఉదాహరణము చూడదగినది. 1996లో దొరికిన ఆ అస్థిపంజరము సుమారు 8,500 యేండ్ల నాటిది. దాని కొరకు శాస్త్రజ్ఞులును, ఆదివాసులును న్యాయస్థానములలో పెనగులాడిరి. 2015లో డి.ఎన్.ఏ. పరీక్ష అతడు ఆదివాసులకు దగ్గరివాడని తేల్చెను; 2017లో వారు అతనిని మరల భూస్థాపితము చేసిరి. తిరిగి యిచ్చుటకు బలము చేకూర్చినది పరిశోధనయే.

అయితే గొయ్యి త్రవ్వి కప్పుటతో పని తీరదు. ఆదోని సీమలోని నల్లరేగడి తడిసి ఉబ్బును, ఎండి బీటలు వారును; ఆ కదలికకు ఎముకలు విరుగును. బృహత్ శిలాయుగపువారు రాతిపలకలతో కట్టిన గదులలో మృతులను ఉంచిరి. నేడును అట్టి రాతిగది కట్టి, గుర్తు నిలిపి, చిత్రములను, కొలతలను భద్రపరచినచో, అవసరమైనపుడు తెరచి చూడవచ్చును. వారసులు తెలియనిచోట గ్రామసభ, పురావస్తుశాఖ, శాస్త్రజ్ఞులు కలసి నిర్ణయింపవలెను.

పునాదులు తీయునపుడో, పొలము దున్నునపుడో ఎముకలున్న కుండ కనబడినచో విద్యార్థులు దానిని పెకలింపరాదు. పని ఆపించి, మట్టి కప్పి, చోటు గుర్తించి, తహసీల్దారునకు తెలుపవలెను. అది ఒకనాడు ఒకరి బిడ్డ అని ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పినచో, శాస్త్రపాఠమునకు ఏ లోటును రాదు.