కోడ్ మనదే, కాపలా ఎవరిది?

ఓపెన్ సోర్స్ వాడేవాళ్లందరికీ ఒక ధీమా ఉంటుంది. వెనకున్న కంపెనీ తప్పుకున్నా సోర్స్ కోడ్ ఎక్కడికీ పోదని, లైసెన్స్ ఉన్నంతకాలం అది అందరిదీ అని. ఓవర్ట్ ప్రాజెక్టు గతి చూస్తే ఆ ధీమాలో సగమే నిజమని తేలుతుంది. ఒక సర్వర్ మీద పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు నడపడానికి లైనక్స్‌లో కేవీఎం ఉంది. అలాంటి సర్వర్లు ఎన్ని ఉన్నా అన్నిటినీ ఒకేచోటి నుంచి చూసుకునేందుకు పుట్టిందే ఓవర్ట్. దీని మూలం కుమ్రానెట్ అనే ఇజ్రాయెల్ కంపెనీది. 2008లో రెడ్ హ్యాట్ ఆ కంపెనీని 10.7 కోట్ల డాలర్లకు కొంది. విండోస్ మీద నడిచే మేనేజ్‌మెంట్ సర్వర్‌ను జావాలో తిరగరాయించి, 2011లో ఓవర్ట్ పేరుతో అందరికీ తెరిచింది. ఇదే కోడ్ ఆధారంగా రెడ్ హ్యాట్ వర్చువలైజేషన్ అనే ఉత్పత్తిని అమ్మింది. ప్రాజెక్టు మొదలైనప్పుడు సిస్కో, ఐబీఎం, ఇంటెల్, నెట్‌యాప్, సుసే లాంటి పెద్ద పేర్లు పక్కన నిలబడ్డాయి. కానీ రోజువారీ పనిలో సింహభాగం రెడ్ హ్యాట్ జీతగాళ్లదే.

తర్వాత రెడ్ హ్యాట్ దృష్టి కంటైనర్లను నడిపే కుబర్నెటిస్ వైపు మళ్లింది. వర్చువల్ మెషీన్లను కూడా కుబ్‌వర్ట్ ద్వారా, కుబర్నెటిస్ మీద కట్టిన తన ఓపెన్‌షిఫ్ట్‌లోనే నడపాలని నిర్ణయించుకుంది. పాత ఉత్పత్తికి 4.4 చివరి వెర్షన్ అయింది, దాని మెయింటెనెన్స్ గడువు 2024 ఆగస్టుతో ముగిసింది. వ్యాపారపరంగా ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తమ సొమ్ము ఎక్కడ పెట్టాలో వాళ్లిష్టం. కానీ ఆ నిర్ణయం ప్రాజెక్టు మీద ఎలా పడిందో రిలీజుల తేదీలే చెబుతాయి. 4.5 శ్రేణి 2022 ఏప్రిల్‌లో వచ్చింది. డిసెంబరులో 4.5.4 వచ్చేదాకా సుమారు రెండు నెలలకో రిలీజ్ చొప్పున నడిచింది. ఆ తర్వాతి 4.5.5 రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో కోడ్ మాయం కాలేదు, లైసెన్స్ మారలేదు. తగ్గింది పనిచేసే చేతులే.

ఆ చేతులు చేసే పని బయటికి కనిపించదు. ఒక్క ఉదాహరణ చూద్దాం. ఒక వర్చువల్ మెషీన్ డిస్కు ఉమ్మడి స్టోరేజీలో ఉంటే, రెండు సర్వర్లు పొరపాటున ఒకేసారి దాన్ని నడిపితే డేటా నాశనమైపోతుంది. దీన్ని ఆపడానికి ఓవర్ట్ శాన్‌లాక్ అనే తాళం వ్యవస్థను వాడుతుంది. ప్రతి సర్వరూ మామూలుగా 20 సెకన్లకోసారి స్టోరేజీలో తన గుర్తును తాజా చేస్తుండాలి. సుమారు 80 సెకన్ల పాటు అది కుదరకపోతే దాని హక్కు పోయినట్టే. ఆ హక్కుతో నడుస్తున్న ప్రాసెస్‌లను ఆపేస్తారు, అవి ఆగకపోతే వాచ్‌డాగ్ ఆ సర్వర్‌నే రీబూట్ చేస్తుంది. ఇంత సున్నితమైన ఏర్పాటు కింద ఉండే లైనక్స్, అంటే సెంటోస్ స్ట్రీమ్, కదులుతూనే ఉంటుంది. కెర్నెల్, లిబ్‌వర్ట్, పైథాన్ అన్నీ మారుతుంటాయి. ఓవర్ట్‌లో ఒక్క లైన్ ముట్టుకోకపోయినా ఏదో ఒకటి తెగుతుంది. తెగిందని కనిపెట్టాలంటే స్టోరేజీ, నెట్‌వర్కు, అనేక సర్వర్లతో కూడిన టెస్ట్ ఏర్పాటు నిత్యం నడవాలి, టెస్ట్ ఫెయిలైనప్పుడు కూర్చుని కారణం వెతికే మనిషి ఉండాలి. కొత్త ఫీచర్ రాయడానికి ఔత్సాహికులు దొరుకుతారు. ఈ పనికి మాత్రం ఖాళీ సమయం చాలదు, జీతం కావాలి.

దీనికి దారి లేకపోలేదు. ఇలాంటిదే మరో వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ జెన్‌సర్వర్ కథ చూడండి. సిట్రిక్స్ 2017 డిసెంబరులో దాని 7.3 ఉచిత ఎడిషన్‌లో చాలా సౌకర్యాలు తీసేసింది, ఒక పూల్‌లో మూడు సర్వర్లకు మించి కుదరదంది. ఫ్రాన్స్‌కు చెందిన వేట్స్ అనే చిన్న కంపెనీ అదే కోడ్ నుంచి ఎక్స్‌సీపీ-ఎన్‌జీ మొదలుపెట్టింది. 2018లో వాడకందారుల నుంచి చందాలు పోగుచేసి తొలి రిలీజ్ తెచ్చింది. అయితే ఆ ప్రాజెక్టును ఇన్నేళ్లూ నిలబెట్టింది ఆ చందాలు కావు. సపోర్టు అమ్మి వచ్చిన డబ్బుతో బిల్డ్, టెస్ట్, సెక్యూరిటీ ప్యాచ్‌ల పనికి జీతాలు ఇవ్వగలగడమే దాన్ని నిలబెట్టింది.

ఓవర్ట్‌కు ఒరాకిల్ ఉంది కదా అనే వాదన వినిపిస్తుంది. నిజమే, ఒరాకిల్ లైనక్స్ వర్చువలైజేషన్ మేనేజర్ ఓవర్ట్ మీదే కట్టింది. ఆ సాయాన్ని కాదనక్కర్లేదు. కానీ ఒక పెద్ద కంపెనీ వెళ్లి ఇంకో పెద్ద కంపెనీ వస్తే యజమాని మారాడు తప్ప జబ్బు నయం కాలేదు. రెండో వాదన మరింత బలమైనది: ప్రాక్స్‌మాక్స్ లాంటి వేరే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లు ఉండగా మునిగే పడవను ఎందుకు పట్టుకోవాలి? పది మెషీన్లున్న ఆఫీసుకు ఆ సలహా సరైనదే కావచ్చు. వేల మెషీన్లు, ఏళ్ల తరబడి రాసుకున్న స్క్రిప్టులు ఉన్న సంస్థకు వలస పెద్ద ప్రాజెక్టే అవుతుంది. పైగా ఆ కొత్త సాఫ్ట్‌వేర్ వెనకా ఒక కంపెనీయే ఉంటుంది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లిన వీఎంవేర్ కొద్ది వారాలకే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. డబ్బు కట్టినవాళ్లకూ భరోసా లేదని అప్పుడు తేలింది. అక్కడి నుంచి బయటపడాలనుకున్నవారికి ఓవర్ట్ ఒక దారి కావాల్సిన సమయంలోనే ఓవర్ట్ నీరసపడింది.

కాబట్టి నా మాట ఇది. వాడే సంస్థలు లైసెన్స్ మీద మిగిలిన డబ్బులో కొంత తీసి, ఒక్కో సంస్థ కనీసం ఒక ఇంజినీర్ సమయాన్ని రిలీజ్, టెస్ట్ పనికే కేటాయించాలి. హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ సర్వర్లు నడిపే మన తెలుగు ఇంజినీర్లు తమ మేనేజర్ల ముందు ఈ ఖర్చును బీమా ప్రీమియం లెక్కన పెట్టవచ్చు. ప్రాజెక్టు కూడా తన పరిధి కుదించుకోవాలి. రెడ్ హ్యాట్ తన గ్లస్టర్ స్టోరేజీ ఉత్పత్తిని 2024 చివరితో ముగించింది. అలాంటి పునాది మీద ఓవర్ట్‌లో కట్టిన సదుపాయాలను నిలబెడతామని మాటివ్వడం కన్నా, ఇవి మా వల్ల కాదని చెప్పేయడం వాడేవాళ్లకు మేలు. తక్కువ సదుపాయాలతో, సమయానికి వచ్చే రిలీజులతో ఉన్న సాఫ్ట్‌వేర్‌నే ఎవరైనా నమ్ముతారు. స్పాన్సర్ ఉన్నన్నాళ్లూ ఈ పని ఉచితంగా జరిగినట్టు కనిపించింది. ఎవరో ఒకరు దాని బిల్లు కడుతూనే ఉన్నారు, ఇప్పుడు ఆ బిల్లు వాడుతున్నవాళ్ల వంతుకు వచ్చింది.