కవితకు వంత ఎవరు?

ఏజెన్సీ నుంచి వస్తున్న తెలుగు కవిత్వంలో డోలీ మీద రాసినన్ని కవితలు మరే వస్తువు మీదా లేవేమో. రోడ్డు లేని కొండ, నెలలు నిండిన తల్లి, కర్రకు కట్టిన దుప్పటి, దారిలోనే పుట్టిన బిడ్డ. అన్నీ నిజాలే. ఆ కోపమూ న్యాయమైనదే. కానీ వాటిని వరసగా పెట్టుకుని చదివితే ఒక సంగతి తెలుస్తుంది. చాలావరకు కొండ దిగువకే చూసి మాట్లాడతాయి. పాలకుణ్ణి పిలుస్తాయి, మైదానం వాణ్ణి నిలదీస్తాయి. కవి వీపు మాత్రం గూడెం వైపు ఉంటుంది.

అర్జీ లాంటి కవిత అవసరం లేదని నేననను. డోలీ అంటే ఏమిటో పట్నంలో కొందరికైనా తెలిసింది అలాంటి కవితల వల్లే. అదే కవితను డోలీ మోసినవాళ్ళ ముందు చదివి చూడండి. తలూపుతారు, చప్పట్లు కొడతారు, లేచి వెళ్ళిపోతారు. వాళ్ళ భుజానికి తెలిసిందే మళ్ళీ వాళ్ళకు చెప్పాం. ఇక మాట్లాడుకోవడానికి ఏముంది?

మాట్లాడుకోవలసింది నిజానికి చాలా ఉంది. కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు సాలూరులో గర్భిణులకు వసతి పెట్టారు. అలాంటిది అందుబాటులో ఉన్నా మన అమ్మాయి వెళుతుందా? వెళితే పెద్ద పిల్లలకు గంజి ఎవరు కాస్తారు? పోడులో కలుపు ఎవరు తీస్తారు? మేకల్ని ఎవరు తోలతారు? వెళ్ళాలా వద్దా అనేది ఆమె చెబుతుందా, అత్త చెబుతుందా, ఎజ్జోడు చెబుతాడా? రోడ్డు ప్రభుత్వం వేయాలి, అది వేరే పోరాటం. ఈ ప్రశ్నలకు మాత్రం జవాబు గూడెంలోనే ఉంది. వీటి దగ్గర ఆగిన డోలీ కవిత నాకు ఎక్కడో ఒకటీ అరా తప్ప కనిపించలేదు.

మన పాటకు ఈ తిరుగుడు కొత్త కాదు. ధింసాలో గానీ రేలలో గానీ ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకునేవాళ్ళు లేకపోతే అది పాటే కాదు. సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడు నుంచి బయల్దేరి ప్రజల దగ్గరికి వెళ్ళినప్పుడు చేతిలో పట్టుకున్నది అచ్చు పుస్తకం కాదు, జముకుల కథ. ఆయన ఆదివాసీ కాడు, 1969 డిసెంబరులో చంపేశారు. ఆయన రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. ఎంచుకున్న రూపం గురించే నేను చెబుతున్నది. జముకుల కథలో కథకుడు ఒంటరి కాడు. పక్కన వంతలుంటారు. ఊ కొడతారు, అందుకుంటారు, మధ్యలో అడ్డం పడి అడుగుతారు. వినేవాడి నోట్లో ఉన్న ప్రశ్న వంత నోట్లోంచి ముందే వచ్చేస్తుంది. అచ్చు కవితలోకి వచ్చేసరికి మనం ఆ వంతను వదిలేశాం. ఆగస్టు 9న వేదికల మీద కవి చదువుతాడు, శాలువా కప్పుతారు, తర్వాతి కవిని పిలుస్తారు. అడిగేవాడికి చోటే లేదు. (శాలువాలు కప్పే సమయంలో సగం మిగిలినా రెండు ప్రశ్నలు వినొచ్చు.)

మద్యం మీద రాసిన కవితలు ఇంకో రకంగా తప్పుతాయి. మన టీచర్లు మంచి మనసుతో రాసేవి ఇవి. తాగుడు ఇల్లు కూలుస్తుంది, మానండి అంటాయి. వాటిలో ఇప్పసారా, జీలుగు కల్లు, బెల్టుషాపు సీసా అన్నీ ఒకే మాట కింద పడిపోతాయి. గూడెంలో పెద్దవాళ్ళు అక్కడే చెవులు మూసుకుంటారు. కొత్తల పండక్కి దేవతకు పోసేది, పెళ్ళి మాటలప్పుడు తెచ్చేది, సంతరోజు షావుకారు అప్పు మీద ఇచ్చేది వాళ్ళకు ఒకటి కావు. మూడూ ఒకటే అన్న కవిత బయటివాడి కవితే, రాసినవాడు మనవాడైనా సరే. అలాగని ఇప్పను ఆకాశానికెత్తి, అదే మన సంస్కృతి అని ఊరుకునే కవితా అబద్ధమే. సాయంత్రం దెబ్బలు తినే ఆడమనిషికి అది ఏ చెట్టు సరుకో అనవసరం.

ఈ రెండింటి మధ్య నిలబడే కవిత కావాలి. దేవతకు పోసిన దొప్ప ఎంత, బెల్టుషాపులో రాసుకున్న బాకీ ఎంత అని పక్కపక్కన పెట్టి ఊరుకుంటే చాలు. తీర్పు చెప్పకపోతే ఆడవాళ్ళు చెబుతారు. ఈ మాటలకు చట్టం దారి కూడా ఉంది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో దానికి నిబంధనలు వచ్చింది 2011లో. కవిత తర్వాత నడిచిన మాట గ్రామసభ దాకా వెళ్ళవచ్చని కవికి తెలిసి ఉంటే, ఉపదేశం దానంతటదే తగ్గుతుంది.

అన్నిటికంటే కష్టమైనది భూమి. 1/70 మన కవిత్వంలో జెండాలా ఎగురుతుంది. 1997 సమత తీర్పు మీదా కవితలు రావడం సహజం. దోచుకునేవాణ్ణి కంపెనీగా, గిరిజనేతరుడిగా చూపించడం తేలిక, అందరం ఒప్పుకుంటాం. కానీ రోడ్డు పక్క లేచే దుకాణం, లాడ్జి కాగితాల్లో ఎవరి పేరు మీద ఉంటున్నాయి? పేరు మనవాడిది, పెట్టుబడి, లాభం వేరేవాడివి. ఈ బినామీ సంగతి సంతలో గుసగుసగా నడుస్తుంది, కవిత్వంలోకి రాదు. వచ్చిన చోట ఆ పేరిచ్చినవాణ్ణి ద్రోహి అనేస్తారు.

ఇక్కడ పట్నం కవికి లేని ఇబ్బంది మనకుంది. నగరంలో 'ఒక భర్త' అని రాస్తే అది ఎవరైనా కావచ్చు. నలభై ఇళ్ళ గూడెంలో 'ఒకడు' అన్నా ఎవడో అందరికీ తెలుసు. ద్రోహి అన్న క్షణంలో అతని ఇంటివాళ్ళు, వంశంవాళ్ళు లేచిపోతారు. మిగిలేది తగువు. అందుకే ఇలాంటి వస్తువుకు వేలెత్తి చూపే గొంతు పనికిరాదు. పేరు ఇచ్చిన రోజు అతనికి ఏ అవసరం పడింది? ఆసుపత్రా, కూతురి పెళ్ళా, కొడుకు కాలేజీ ఫీజా? ఏడాదికి చేతికొచ్చింది ఎంత? ఆ అవసరాన్ని ఊరు తీర్చగలిగేదా? అలా అడిగితే అతనే నోరు విప్పే వీలుంది. ఇది మెతకదనం కాదు. నా లెక్కలో ఇదే గట్టి కవిత్వం, ఎందుకంటే వినేవాళ్ళలో ప్రతి ఒక్కరూ తమ అవసరాన్ని గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

భాష గురించి ఒక్క మాట. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవరలో పుస్తకాలు రాసి, బడులు నడిపి వందేళ్ళు దాటింది. మనం ఇంకా తెలుగులో రాసి, తెలుగులోనే అవ్వ ముందు చదువుతున్నాం. తెలుగులో రాయడం తప్పు కాదు, ఈ వ్యాసమూ తెలుగే. చదివాక మాత్రం పిల్లల చేత సవరలోనో కువిలోనో కోయలోనో చెప్పించండి. 'అభివృద్ధి'ని మన భాషలో ఏమందాం అని అడగండి. అవ్వ ఒకటి చెబుతుంది, మనవడు కాదంటాడు. సగం చర్చ అక్కడే మొదలవుతుంది. టీచర్లకు పాఠం పక్కన పెట్టి చేయాల్సిన పని కాదిది, భాషా పాఠమే.

టీచరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. దాని మీద ఊరేగింపు పాటలు కట్టడం తేలికే. బీఈడీ చేసి ఖాళీగా ఉన్న అన్న, బడిలో టీచరు మాట అర్థంకాక వెనక బెంచీలో కూర్చున్న చెల్లి, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. రాత్రి ఆ ఇద్దరూ పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకుంటారో రాసిన కవిత కోసం నేను ఇంకా చూస్తున్నాను.