బిలాల్ పేరిట సభలు, మాల్కం పేరిట ప్రదర్శనలు

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఫిబ్రవరి మాసం నల్లజాతి చరిత్రను స్మరించుకునే మాసం. చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ 1926లో ఒక వారోత్సవంగా ప్రారంభించిన ఈ ఆచారాన్ని 1970లో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మాసోత్సవంగా పెంచారు. 1976లో దానికి ప్రభుత్వ గుర్తింపు కూడా లభించింది. ముస్లిం విద్యార్థి సంఘాలు సైతం ఈ సందర్భంగా తమ వంతు కార్యక్రమాలు ఏర్పాటు చేస్తూ ఉంటాయి. హజ్రత్ బిలాల్ (రజి) జీవితంపై ఒక ఉపన్యాసం, మాల్కం ఎక్స్ జీవితంపై తీసిన చలనచిత్ర ప్రదర్శన, ఆ పిమ్మట చర్చ, చివర విందు - ఇది ఇటువంటి సభలలో తరచు కనిపించే క్రమం. మసీదులలో, సామాజిక కేంద్రాలలో జరిగే కార్యక్రమాలు కూడా చాలవరకు ఈ బాటలోనే నడుస్తాయి.

ఇటువంటి సభల వలన మేలు లేకపోలేదు. ముస్లిం యువకులు తమ ధర్మం జాతిభేదాన్ని గురించి ఏమంటున్నదో అక్కడ వింటారు; ముస్లిమేతర విద్యార్థులు ఇస్లాంను గురించిన అపోహలు కొన్నింటిని వదులుకుంటారు. అయితే ఈ వేదికలపై దేనిని ఎత్తి చూపుతున్నారు, దేనిని దాటవేస్తున్నారు అనేది కూడా పరిశీలించవలసిన విషయమే. హైదరాబాదు నుండి, ఆంధ్ర తెలంగాణ జిల్లాల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలు కూడా ఈ సభలలో శ్రోతలుగా, నిర్వాహకులుగా ఉన్నారు. కనుక ఈ చర్చ తెలుగు పాఠకులకు పరాయి ఊరి ముచ్చట కాదు.

రెండు ప్రవాహాలు

జాతి ప్రశ్న అమెరికా విద్యాలయాలలో పాఠ్యాంశంగా ప్రవేశించడం వెనుక పెద్ద పోరాటమే ఉంది. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో నల్లజాతి విద్యార్థులు, వారితోపాటు ఆసియా, లాటిన్ అమెరికా మూలాలు గల విద్యార్థులు సమ్మెకు దిగారు. 1969 మార్చి వరకు సాగిన ఆ సమ్మె ఫలితంగానే వివిధ జాతుల చరిత్ర, సంస్కృతుల అధ్యయనానికి అక్కడ ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. తర్వాత అటువంటి విభాగాలు ఇతర విశ్వవిద్యాలయాలకూ వ్యాపించాయి.

ఇక ముస్లిం విద్యార్థి సంఘం 1963లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైంది. దానిని స్థాపించిన వారిలో అధికులు ఉన్నత విద్య కోసం ఇతర దేశాల నుండి వచ్చినవారు. ఆ కాలంలో ఇస్లాం పేరును అమెరికా నగరాల వీధివీధికీ తీసుకువెళ్ళినవారు మాత్రం నల్లజాతివారే. వారిలో అనేకులు అప్పట్లో ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ అనే సంస్థలో ఉండేవారు. ఆ సంస్థ సిద్ధాంతాలు ఇస్లాం మూల విశ్వాసాలకు విరుద్ధమైనవి. 1975లో ఎలైజా ముహమ్మద్ మరణించగా ఆయన కుమారుడు వారిసుద్దీన్ ముహమ్మద్ నాయకత్వం వహించి, అనుయాయులలో అధిక సంఖ్యాకులను సున్నీ ఇస్లాం మార్గానికి తీసుకువచ్చారు.

ఈ రెండు ప్రవాహాలూ ఒకే ఖిబ్లాకు అభిముఖమైనవే గాని, ఒకదానికొకటి దూరంగానే పారుతూ వచ్చాయి. 1965 ఫిబ్రవరి 21న మాల్కం ఎక్స్ న్యూయార్కులో హత్యకు గురయ్యారు. అదే సంవత్సరం అక్టోబరు 3న కొత్త వలస చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. మన డాక్టర్లకూ, ఇంజనీర్లకూ అమెరికా ద్వారాలు తెరిచింది ఆ చట్టమే. నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం సృష్టించిన వాతావరణంలోనే అది రాగలిగింది. అంటే ఒకరు దెబ్బలు తిని తెరిచిన తలుపు గుండా మరొకరు సూటుకేసుతో లోపలికి నడిచారన్నమాట. ఈ ఋణాన్ని గురించి సభలలో వినిపించేది చాలా తక్కువ.

2017లో ప్యూ పరిశోధనా సంస్థ జరిపిన సర్వే ప్రకారం అమెరికా ముస్లిం వయోజనులలో దాదాపు 20 శాతం నల్లజాతివారు, 28 శాతం ఆసియా మూలాలు గలవారు. ఏ ఒక్క జాతికీ ఆధిక్యత లేని సమాజమది. ఇంతటి వైవిధ్యం గల జమాఅత్‌లో జాతి ప్రశ్నను బయటివారి సమస్యగా మాత్రమే చర్చించడం ఎంతవరకు సమంజసం?

తెరపై కనిపించిన హజ్

జనరంజక కళలలో నల్లజాతి ముస్లిముని గాథ ఇంటింటికీ చేరింది 1977లో. అలెక్స్ హేలీ రచించిన ‘రూట్స్’ నవల ఆధారంగా తీసిన ధారావాహికను ఆ జనవరిలో వరుసగా ఎనిమిది రాత్రులు టెలివిజన్‌లో ప్రసారం చేశారు. దాని నాయకుడు కుంటా కింటే గాంబియా దేశపు మాండింకా ముస్లిం యువకుడు. బానిసగా అమ్ముడుపోయిన ఆ మనిషి పేరును కొరడా దెబ్బలతో మార్పించే దృశ్యం కోట్లాది ప్రేక్షకులను కదిలించింది. హేలీ మరొక రచయిత నవల నుండి కొన్ని భాగాలు గ్రహించినట్లు వచ్చిన వ్యాజ్యం 1978లో రాజీతో ముగిసిందన్న సంగతినీ విమర్శకులు మరువరాదు. అయినా బానిసలుగా కొనిపోబడిన వారిలో అల్లాహ్‌ను ఆరాధించేవారు ఉన్నారన్న సత్యాన్ని సామాన్య ప్రజలకు తెలిపిన ఘనత ఆ ధారావాహికకు దక్కుతుంది.

అదే హేలీ సహకారంతో వెలువడిన మాల్కం ఆత్మకథ 1965లో అచ్చయింది. దాని ఆధారంగా స్పైక్ లీ తీసిన చిత్రం 1992లో విడుదలైంది. మూడు గంటల ఇరవై నిమిషాలకు పైబడిన ఈ చిత్రంలో డెంజెల్ వాషింగ్టన్ నటన ప్రశంసనీయమైనది. మక్కాలో చిత్రీకరణకు అనుమతి లభించగా, ముస్లిమేతరులకు అక్కడ ప్రవేశం లేనందున ముస్లిం సాంకేతిక నిపుణులనే పంపి ఆ దృశ్యాలు తీయించారు. ఇహ్రాం వస్త్రాలలో మాల్కం కనిపించే ఘట్టం వచ్చినపుడు ఏ ముస్లిం హృదయమైనా పులకించక మానదు.

చిక్కు ఇక్కడే ఉన్నది. చర్చాసభలలో ఈ ఘట్టాన్ని ఒక తీర్పుగా చూపుతారు. తెల్లవారితో ఒకే పళ్ళెంలో తిన్నానని, సోదరభావాన్ని కళ్ళారా చూశానని మాల్కం వ్రాసిన లేఖను ప్రస్తావించి, జాతి సమస్యను ఇస్లాం ఎన్నడో పరిష్కరించివేసిందని ముగిస్తారు. వినేవారికి తృప్తి కలుగుతుంది. కాని ఆత్మకథను శ్రద్ధగా చదివినవారికి మరొక విషయం కూడా కనిపిస్తుంది. హజ్‌కు వచ్చిన ఆ మహా జనసమూహంలో ఒకే రంగు, ఒకే రూపురేఖలు గలవారు తమంతట తాము ఒకచోట చేరుతున్నారని మాల్కం గమనించారు. అందులో ఎవరికీ ఆధిక్య భావం లేదనీ, కనుక అది దోషం కాదనీ ఆయన అభిప్రాయపడ్డారు.

ఆ అభిప్రాయం ఒక షరతుతో కూడినది. ఆధిక్య భావం లేనపుడే గుంపులుగా కూడడం దోషం కాదు. హైదరాబాదీల మసీదు, అరబ్బుల మసీదు, నల్లజాతివారి మసీదు అని ఒకే నగరంలో వేరువేరుగా చెప్పుకునే చోట ఆ షరతు నెరవేరుతున్నదా? సభ అనంతరం జరగవలసిన చర్చ ఇదే. సాధారణంగా జరగనిది కూడా ఇదే.

చిత్రం సైతం ఈ లోపానికి కొంత కారణమే. హజ్ తర్వాత మాల్కం సాగించిన కృషికి అందులో తగిన చోటు లేదు. 1964 మేలో ఆయన నైజీరియాలోని ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో ప్రసంగించగా అక్కడి ముస్లిం విద్యార్థులు ‘ఓమోవాలే’ అని, అనగా ఇంటికి తిరిగివచ్చిన బిడ్డ అని, ఆయనకు పేరు పెట్టారు. జూలైలో కైరోలో ఆఫ్రికా దేశాధినేతల సమావేశానికి వెళ్ళి అమెరికా నల్లజాతివారి గోడు వినిపించారు. హక్కుల సాధన కోసం ఒక సంస్థను నెలకొల్పారు. హజ్ ఆయనకు గమ్యం అయి ఉంటే ఇంత శ్రమ పడవలసిన అవసరమే లేదు.

ఎదుటివారి అద్దం, మన అద్దం

హాలీవుడ్‌ను విమర్శించడంలో ముస్లిం విద్యార్థులు వెనుకబడలేదు. జాక్ షహీన్ 2001లో ప్రచురించిన గ్రంథంలో తొమ్మిది వందలకు పైగా చిత్రాలను పరిశీలించి, వాటిలో అత్యధికం అరబ్బులను దుష్టులుగానో మూఢులుగానో చూపాయని నిరూపించారు. 1992లో వచ్చిన డిస్నీ వారి ‘అలాదీన్’ చిత్రపు తొలి పాటలోని కొన్ని మాటలను అరబ్ అమెరికన్ల నిరసన కారణంగా మరుసటి సంవత్సరం వీడియో ప్రతిలో మార్చవలసివచ్చింది. ఆ దేశాన్ని అనాగరికమని వర్ణించే మాట మాత్రం మారలేదు. నిరసనకు ఫలితం ఉంటుందనీ, ఆ ఫలితానికి హద్దు కూడా ఉంటుందనీ ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఎదుటివారి చిత్రాలలో పాట మాటను పట్టుకొని తూచేవారు తమ ఇంటి మాటలను కూడా అదే త్రాసులో తూచాలి. పెళ్ళి సంబంధాల ప్రకటనలలో తెల్లని వధువు కావలెనని కోరే అలవాటు సముద్రం దాటినా మనలను వదిలిపెట్టలేదు. సుఆద్ అబ్దుల్ ఖబీర్ 2016లో వెలువరించిన ‘ముస్లిం కూల్’ గ్రంథంలో ఈ విషయాన్ని సూటిగా ఎత్తిచూపారు. అరబ్, దక్షిణాసియా కుటుంబాల యువకులు నల్లజాతివారి హిప్‌హాప్ సంగీతం, వేషం, నడక అనుకరించి తమ ముస్లిం వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకుంటున్నారు. వారి సమాజాలలోనే నల్లజాతి ముస్లిములపై చిన్నచూపు కొనసాగుతున్నది. పాట కావాలి, పాడేవాడు మాత్రం బంధువు కారాదు!

ఆదర్శప్రాయమైన యత్నాలు

మెచ్చదగిన ఉదాహరణలూ ఉన్నాయి. చికాగో దక్షిణ ప్రాంతంలో 1997 నుండి పనిచేస్తున్న ‘ఇన్నర్ సిటీ ముస్లిం యాక్షన్ నెట్‌వర్క్’ మార్క్వెట్ పార్కులో కళోత్సవాలు నిర్వహిస్తూ వచ్చింది. 1966 ఆగస్టులో మార్టిన్ లూథర్ కింగ్ నివాస హక్కుల కోసం ఊరేగింపు జరిపినపుడు ఆయనకు రాయి తగిలిన ప్రదేశమది. అర్ధశతాబ్ది గడిచాక, 2016లో, ఈ సంస్థ పూనికతో అక్కడే ఒక స్మారక చిహ్నం వెలిసింది. సంగీతాన్ని గురించి ధర్మవేత్తల మధ్య గల భేదాభిప్రాయాలు తెలిసినవే. వాటిని అలా ఉంచితే, ఈ సంస్థ వేదికతో తృప్తిపడక ఆ పేటలోనే వైద్యశాల నడుపుతున్నది, జైలు నుండి విడుదలై వచ్చినవారికి పని నేర్పుతున్నది. కనుకనే దాని ఉత్సవానికి విలువ వచ్చింది.

మరొకటి ఉమర్ ఇబ్ను సయీద్ గాథ. పశ్చిమ ఆఫ్రికాలోని ఫూతా తోరో ప్రాంతపు విద్వాంసుడైన ఆయనను 1807లో చార్లెస్టన్ రేవులో బానిసగా దింపారు. 1831లో ఆయన అరబ్బీలో తన జీవితకథ వ్రాస్తూ దానికి ముందు దివ్య ఖుర్ఆన్‌లోని ముల్క్ సూరాను పొందుపరిచారు. సర్వాధికారం అల్లాహ్‌దేనని చాటే ఆ సూరాను, మరొకరి సొత్తుగా లెక్కింపబడుతున్న మనిషి ఎన్నుకోవడంలోని ధైర్యం చెప్పనలవి కాదు. రియానన్ గిడెన్స్, మైకేల్ ఏబెల్స్ రూపొందించిన ‘ఉమర్’ సంగీతరూపకాన్ని 2022లో అదే చార్లెస్టన్ నగరంలో తొలిసారి ప్రదర్శించారు. 2023లో దానికి పులిట్జర్ బహుమానం లభించింది. అక్కడి విద్యార్థి సంఘాలు ఆ చేతివ్రాతను స్వయంగా చదివించి చర్చిస్తే ఎంత బాగుండును! 2019 నుండి అమెరికా జాతీయ గ్రంథాలయం దాని ప్రతిబింబాలను అందరికీ అందుబాటులో ఉంచింది.

వినిపించని హదీసు

బిలాల్ (రజి) పేరిట జరిగే సభలలో కాబాపై ఆయన ఇచ్చిన అజాన్‌ను వర్ణించని ఉపన్యాసకుడు ఉండడు. కాని బుఖారీ సంకలనంలోని ఒక హదీసు అంతగా వినిపించదు. అబూజర్ గిఫారీ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరిచారు. దైవప్రవక్త (స) దానిని విని, నీలో ఇంకా అజ్ఞానకాలపు అంశం మిగిలి ఉన్నదని మందలించారు. ఆ వ్యక్తి బిలాలేనని కొన్ని ఇతర ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. విశ్వాసంలో అగ్రశ్రేణికి చెందిన సహాబీకే ఈ హెచ్చరిక అవసరమైనపుడు, సాధారణ ముస్లిములు తమలో ఆ జాడ్యం లేదనుకోవడం ఎంత అమాయకత్వం!

ఈ హదీసు మనకు చేరిన సందర్భం కూడా గమనార్హమైనది. కొంతకాలానికి రబజాలో అబూజర్ (రజి)ను చూచిన వ్యక్తికి, ఆయన ఒంటిమీదా ఆయన సేవకుని ఒంటిమీదా ఒకే రకమైన వస్త్రం కనిపించింది. కారణమడిగితే ఆయన ఈ ఉదంతం చెప్పారు. మందలింపుకు ఆయన ఇచ్చిన సమాధానం ఆ వస్త్రం.

హైదరాబాదులోనూ ఈ గీటురాయి పనికివస్తుంది. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరుతో ఎ.సి. గార్డ్స్ బస్తీ నేటికీ ఉన్నది. ఆ సిద్దీ కుటుంబాలు వాయించే మర్ఫా లేనిదే నగరంలోని అనేక పెళ్ళి ఊరేగింపులకు కళ రాదు. మర్ఫా మ్రోగినంతసేపు వారు కావాలి. నిఖా మాట వచ్చేసరికి నసబ్ గుర్తుకు వస్తుంది. తెలుగు జిల్లాలలో సయ్యద్, షేక్, దూదేకుల అనే పేర్ల చుట్టూ అల్లుకున్న పట్టింపులూ ఇటువంటివే.

కనుక సభ విజయవంతమైనదా కాదా అని నిర్ణయించడానికి హాలులో ఎందరు కూర్చున్నారని లెక్కించనవసరం లేదు. మసీదు కమిటీలో ఎవరికి చోటు లభించింది? ఇంటి విందుకు ఎవరిని పిలిచారు? కూతురికి వచ్చిన సంబంధాన్ని ఏ కారణంతో త్రోసిపుచ్చారు? ప్రదర్శన ముగిసి దీపాలు వెలిగిన తర్వాత నిర్వాహకులు ఈ మూడు ప్రశ్నలను చర్చకు పెట్టగలిగితే, మాల్కం మక్కా నుండి వ్రాసిన మాటకు సాక్ష్యం పలికేవారు వారి ఊరిలోనే లభిస్తారు.